ఓకే: ఎక్కడ పుట్టింది, ఏమని అర్థం? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ రానివాళ్ల నోట కూడా రోజుకు పదిసార్లు వచ్చే ఇంగ్లిష్ మాట ఓకే. దీని పుట్టుక గురించి వాట్సాప్‌లో తిరిగే కథలకు లెక్కలేదు. ఒకరు గ్రీకు అంటారు, ఒకరు రెడ్ ఇండియన్ భాష అంటారు, ఇంకొకరు యుద్ధంలో పుట్టిందంటారు. ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఓకే అంటే పూర్తి రూపం ఏమిటి?

"ఆల్ కరెక్ట్". అంటే అంతా సరిగ్గా ఉంది అని.

ఆల్ మొదటి అక్షరం ఎ, కరెక్ట్ మొదటి అక్షరం సి కదా, ఎ.సి. అవ్వాలి కానీ ఓ.కె. ఎలా అయిందని అడుగుతారు. జోకు ఉన్నదే అక్కడ. చదువు సరిగా రానివాడు చెవికి వినబడ్డట్టు రాస్తే ఆల్ కాస్తా ఓ తోనూ, కరెక్ట్ కాస్తా కె తోనూ మొదలవుతాయి. "అంతా కరెక్ట్" అన్న మాటనే తప్పుల తడకగా రాసి నవ్వించడం దీని ఉద్దేశం.

మొట్టమొదట ఎక్కడ అచ్చయింది?

1839 మార్చి 23న, అమెరికాలోని బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పత్రిక రెండో పేజీలో. అప్పట్లో దాని సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ఆ ఊళ్లో "గంటలు మోగించడానికి వ్యతిరేక సంఘం" అని సరదాకి పెట్టుకున్న సంఘం ఒకటి ఉండేది. ఆ సంఘం ప్రయాణం గురించి ప్రావిడెన్స్ నగరంలోని ఒక పత్రిక ఏదో రాసింది. గ్రీన్ దానికి వెటకారంగా బదులిస్తూ, వీళ్లు ఆ ఊరి మీదుగా వస్తే ఆ పత్రికాయనే విందు ఏర్పాట్లన్నీ ఓ.కె.గా చూసి సీసాల బిరడాలు ఎగరేయించాల్సి వస్తుందన్న ధోరణిలో రాశాడు. ఓ.కె. పక్కనే "ఆల్ కరెక్ట్" అని అర్థం కూడా ఇచ్చాడు.

ఈ పొడి అక్షరాలకు అర్థం ఏమిటో అచ్చేసినవాడే పక్కన రాసిపెట్టాడు. మాటల పుట్టుక వెతికేవాళ్లకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం అరుదు. అయినా జనానికి ఈ కథ నచ్చదు. ప్రపంచమంతా వాడే మాట ఒక స్థానిక పత్రికలోని పిచ్చి జోకు నుంచి వచ్చిందంటే మనసొప్పదు మరి.

అసలు అలా పొడి అక్షరాలతో ఎందుకు రాసేవారు?

అప్పటి ఫ్యాషన్ అది. 1838, 39లలో బోస్టన్ పత్రికలకు ఈ పిచ్చి పట్టింది. ఇప్పుడు మన ఫోన్లలో గుడ్ మార్నింగ్ కాస్తా జీఎం అయినట్టే అప్పుడూ అయ్యేవి, కాకపోతే వాళ్లు స్పెల్లింగ్ కూడా కావాలని చెడగొట్టేవారు. "ఆల్ రైట్"కి ఓ.డబ్ల్యు. అని రాసేవారు. "నో యూజ్"కి కె.వై., "నో గో"కి కె.జి. అని రాసేవారు, నో అన్న మాటను తెలుసుకోవడం అనే అర్థమున్న నో స్పెల్లింగుతో రాసి కె తెప్పించేవారన్నమాట. "స్మాల్ పొటేటోస్", అంటే లెక్కచేయనక్కర్లేని చిన్న విషయం, ఎస్.పి. అయ్యేది.

ఈ గుంపులో ఓ.కె. ఒకటి, అంతే. మిగతావన్నీ కొన్నేళ్లలో పోయాయి.

మరి ఇదొక్కటే ఎలా బతికింది?

ఎన్నికల పుణ్యం. 1840లో అమెరికా అధ్యక్ష పదవికి మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశాడు. ఆయనది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ అనే ఊరు. అభిమానులు ఆయన్ని ముద్దుగా "ఓల్డ్ కిండర్‌హుక్" అనేవారు. ఆ రెండు మాటల మొదటి అక్షరాలు చూడండి, ఓ, కె. న్యూయార్క్‌లో ఆయన పార్టీ కుర్రాళ్లు ఓ.కె. క్లబ్ అని పెట్టి, ఆ అక్షరాలనే నినాదంగా చేసుకుని ఊరేగారు. మా నాయకుడూ ఓ.కె., అంతా ఓ.కె. అని రెండర్థాలూ ఒకేసారి పలికించే వీలు ఆ అక్షరాల్లో ఉంది.

ప్రత్యర్థులు ఊరుకుంటారా? 1837లో ఆర్థిక వ్యవస్థ కుదేలై బ్యాంకులు మూతపడ్డాయి. ఆ కోపం జనంలో ఇంకా ఉంది. దాంతో ఓ.కె. అంటే "అవుట్ ఆఫ్ క్యాష్" అని, క్యాష్‌ని కె తో రాసి ఎగతాళి చేశారు. "అవుట్ ఆఫ్ క్రెడిట్" అని ఇంకొకటి అంటించారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు, విలియం హెన్రీ హారిసన్ గెలిచాడు. కానీ తిట్టడానికీ పొగడడానికీ రెండు పార్టీలూ ఆ రెండక్షరాలనే వాడడంతో అవి ఊరూరా తెలిసిపోయాయి.

ఆ తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. అవతలి స్టేషన్ పంపింది ఇక్కడికి సరిగ్గా అందిందని చెప్పడానికి తక్కువ చుక్కలూ గీతలతో అయిపోయే సంకేతం కావాలి. ఓ.కె. దానికి సరిపోయింది. రైల్వేల్లోనూ అదే కుదిరింది. ఎన్నికలు దాన్ని జనం నోళ్లలో పడేస్తే, టెలిగ్రాఫ్ దానికి ఉద్యోగం ఇచ్చింది. ఇంకో వందేళ్లు బతకడానికి ఆ ఉద్యోగమే ఆధారమైందని నా అభిప్రాయం.

ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాక అలా రాశాడంటారు, నిజమేనా?

కాదు, అది రాజకీయ ప్రచారం. వాన్ బ్యూరెన్‌కి ముందు అధ్యక్షుడిగా ఉన్న జాక్సన్ పెద్దగా చదువుకోలేదన్న పేరుంది. ఆయన కాగితాల మీద "ఆల్ కరెక్ట్" అని రాయబోయి తప్పు స్పెల్లింగుతో ఓ.కె. అని సంతకం పెట్టేవాడని 1840 ఎన్నికల వేళ ప్రత్యర్థి పత్రికలు పుట్టించాయి. తర్వాత టెన్నెసీలోని ఒక కోర్టు దస్త్రంలో 1790లోనే జాక్సన్ కేసులో ఓ.కె. అని ఉందని చూపించారు. దగ్గరగా చూస్తే అది ఓ.ఆర్., "రికార్డు చేయమని ఆదేశించడమైనది" అన్న మాటకు పొట్టి రూపం. చేతిరాతలో ఆర్, కె లాగా కనిపించింది.

చోక్టా భాష నుంచి వచ్చిందన్నది?

అమెరికా ఆదివాసుల్లో చోక్టా ఒక జాతి. వాళ్ల భాషలో వాక్యం చివర "అది అంతే", "అలాగే ఉంది" అన్న అర్థంలో ఓకే లాగే వినిపించే మాట ఉంది. 19వ శతాబ్దం చివర్లో ఈ వాదం బయటికొచ్చింది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దీన్ని నమ్మి, కాగితాలు ఆమోదించేటప్పుడు ఓ.కె. బదులు చోక్టా పద్ధతిలో చివర హెచ్ పెట్టి రాసేవాడు. అధ్యక్షుడే అలా రాస్తే నిఘంటువులు కూడా కొంతకాలం దాన్నే పట్టుకున్నాయి.

ఇబ్బంది ఏమిటంటే, చోక్టా మాట బోస్టన్ పత్రిక దాకా వచ్చిన దారి ఎక్కడా కనబడదు. శబ్దం కలవడం ఒక్కటే ఆధారం. ప్రపంచంలో వేల భాషలున్నాయి, రెండక్షరాల మాట ఏదో ఒక భాషలో దొరక్కుండా ఎలా ఉంటుంది?

ఆఫ్రికా భాషల నుంచి వచ్చిందన్న వాదం కూడా అలాంటిదేనా?

దీన్ని చోక్టా వాదంతో కలిపి పక్కన పెట్టను. పశ్చిమాఫ్రికాలోని వోలోఫ్ వంటి భాషల్లో "అవును, నిజమే" అన్న అర్థంలో దగ్గరి శబ్దాలు ఉన్నాయని భాషావేత్త డేవిడ్ డాల్బీ 1960ల చివర్లో, ఆ తర్వాతా వాదించాడు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల మాటలు ఆ రోజుల్లో అచ్చులోకి ఎక్కేవి కావు కాబట్టి రాతలో సాక్ష్యం లేదన్న ఒక్క కారణంతో కొట్టిపారేయడం న్యాయం కాదు. కానీ 1839లో అచ్చయిన ఓ.కె.కి పక్కనే అర్థం రాసి ఉంది, చుట్టూ అదే పద్ధతిలో పుట్టిన ఓ.డబ్ల్యు., కె.జి. లాంటి తోబుట్టువులున్నాయి. అందుకే నిఘంటువులు బోస్టన్ జోకు వైపే మొగ్గాయి, నేనూ అటే.

అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోకపోతే "జీరో కిల్డ్" అని, సున్నాని ఓ లాగా, కిల్డ్‌ని కె తో బోర్డు మీద రాసేవారట కదా?

అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైంది. ఓ.కె. అచ్చయింది 1839లో. ఇక మాట్లాడేదేముంది?

గ్రీకులో "ఓలా కలా" అంటే అంతా బాగుంది అని అర్థం, అది నిజమే, కానీ గ్రీకు నుంచి వచ్చిందనడానికి అదొక్కటే చాలదు. ఓరిన్ కెండాల్ అనే బిస్కెట్ల కంపెనీ, ఒబాదయా కెల్లీ అనే రైల్వే గుమాస్తా, ఫ్రెంచ్ రేవు, స్కాట్లాండ్ వాళ్ల "ఓహ్ ఐ", ఇలా ఇంకా చాలా ఉన్నాయి. ఫార్వర్డ్ వచ్చినప్పుడు రెండు అడిగితే చాలు: ఆ కథ జరిగింది 1839కి ముందా, వెనకా? ముందే అయితే, అప్పటి కాగితం ఏదైనా చూపిస్తున్నారా? ఈ రెండింటినీ దాటే ఫార్వర్డ్ నాకింతవరకు కనబడలేదు.

ఈ చిక్కుముడి విప్పింది ఎవరు?

ఆలెన్ వాకర్ రీడ్. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1941లో ఓ.కె. క్లబ్ సంగతి బయటపెట్టాడు. అక్కడితో ఆగకుండా పాత పత్రికల్లో ఇంకా వెనక్కి వెళ్లి 1839 బోస్టన్ ముక్కను పట్టుకున్నాడు. 1963, 64లలో అమెరికన్ స్పీచ్ అనే పత్రికలో వరుసగా వ్యాసాలు రాసి, జాక్సన్ కథ నుంచి చోక్టా వాదం దాకా ఒక్కొక్కటే విప్పి చూపించాడు. కంప్యూటర్లో వెతికే సౌకర్యం లేని రోజుల్లో, పాత పత్రికలు పేజీ పేజీ తిరగేసి సాధించిన పని ఇది.

ఇంగ్లిష్‌లో రెండక్షరాలుగా రాయాలా, నాలుగు అక్షరాలుగానా?

రెండూ సరైనవే. చుక్కలు పెట్టినా తప్పు కాదు, పాతకాలపు వాసన వస్తుందంతే. తెలుగులో ఓకే, ఓకె రెండూ కనిపిస్తాయి. పలుకుబడికి దగ్గర ఓకే.

ఓకే అంటే బాగుందనా?

కాదు, ఈ మాటలో అసలు కిటుకు ఇదే. "మనిషి క్షేమంగా చేరాడా?" అంటే "ఓకే" అనొచ్చు. ప్రయాణం హాయిగా సాగిందని దానర్థం కాదు, ప్రమాదమేమీ జరగలేదని మాత్రమే. అడ్డేమీ లేదు, కానివ్వచ్చు అని చెప్పి ఊరుకుంటుంది. మెచ్చుకోదు, తిట్టదు.

మనవాళ్లు దీన్ని బాగా పట్టేశారు. "సినిమా ఎలా ఉంది?" అంటే "ఓకే" అన్నవాడు చూడొచ్చని చెప్తున్నాడు. "ఓకే ఓకే" అన్నవాడు టికెట్ డబ్బులు దండగని మర్యాదగా చెప్తున్నాడు. మాట రెట్టిస్తే విలువ సగమైంది. "బాగా బాగా" అంటే అలా తగ్గదు కదా!

తెలుగు వాడుకలో దీనికి ఇంకా చాలా పనులున్నాయి. పెళ్లి సంబంధం ఓకే అవుతుంది, వీసా ఓకే అవుతుంది, లోన్ ఓకే అవుతుంది. హీరో కథ ఓకే చేస్తాడు. సెట్‌లో దర్శకుడు "షాట్ ఓకే" అంటే లైట్లు సర్దుతారు, ఆ మాట రాకపోతే ఇంకో టేక్ తప్పదు. క్లాసులో మాస్టారు "ఓకే" అంటే అప్పటిదాకా చెప్పింది అయిపోయింది, కొత్తది మొదలవుతోందని గుర్తు. వాక్యం చివర "ఓకేనా?" అంటే అర్థమైందా అని అడగడం, కాస్త గొంతు పెంచితే బెదిరించడం కూడా.

మనకు సరే, అలాగే ఉండగా ఇదెందుకు?

సరే, అలాగే ఎక్కడికీ పోలేదు, వాటి చోటులో అవి ఉన్నాయి. పెద్దవాళ్లు పని చెప్పినప్పుడు "అలాగేనండి" అంటే ఉండే ఒద్దిక "ఓకే అండీ"లో రాదు. "సరేలే" అన్నప్పుడు వినిపించే నిట్టూర్పు ఓకేలో లేదు. కానీ "సంబంధం సరే అయింది" అనం, "కథ సరే చేశాడు" అనం. అయింది, చేశాడు అన్న క్రియలతో ఇట్టే అతుక్కుపోవడం ఓకేకి వచ్చింది, సరేకి రాలేదు. ఇది తెలుగుకి లోటని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను.

కంప్యూటర్లో బటన్ మీద ఓకే అనే ఎందుకు ఉంటుంది?

దీనికో మంచి కథ ఉంది. 1980ల మొదట్లో ఆపిల్ కంపెనీ లీసా అనే కంప్యూటర్ తయారు చేస్తోంది. "ఈ పని చెయ్యి" అన్న అర్థంలో బటన్ మీద "డూ ఇట్" అని రాశారు. మామూలు జనాన్ని పిలిచి వాడించి చూస్తే, వాళ్లు ఆ బటన్ దగ్గరికి రాగానే తడబడుతున్నారు. ఒకాయనకు కోపం కూడా వచ్చింది. తీరా చూస్తే, తెర మీద రెండు మాటల మధ్య ఖాళీ తక్కువగా ఉండి, పెద్ద ఐ అక్షరం చిన్న ఎల్ లాగా కనబడి, ఆ బటన్‌ని ఆయన "డోల్ట్" అని చదివాడు. అంటే మొద్దు! నన్ను మొద్దు అంటుందేమిటి ఈ యంత్రం అని ఆయన బాధ. దాంతో దాన్ని మార్చి ఓకే అని పెట్టారు.

జీడబ్ల్యూ బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న తరానికి ఇంకో ఓకే గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రాం రన్ అవగానే నల్లటి తెర మీద "ఓకే" అని వచ్చి, ఇక మీ వంతు అన్నట్టు ఆగేది. వెబ్‌సైట్ సవ్యంగా తెరుచుకున్నప్పుడు సర్వర్ లోపల పంపే సమాధానం పేరు కూడా "200 ఓకే". పేజీ దొరకలేదని చెప్పే 404 అందరికీ తెలుసు కానీ 200ని ఎవరూ చూడరు, అంతా సవ్యంగా ఉంటే తెర మీదికి రాదు కాబట్టి.

పైలట్లు ఓకే అనకూడదంటారు, ఎందుకు?

1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరీఫ్ ద్వీపం, లాస్ రోడియోస్ విమానాశ్రయం. దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు: కేఎల్ఎం విమానం ఒక చివర బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, పాన్ యామ్ విమానం అదే రన్‌వే మీద ఇంకా నడుస్తోంది. రెండూ ఒకదానికొకటి కనబడవు, కంట్రోల్ టవర్‌కీ కనబడవు.

మేం టేకాఫ్ దగ్గర ఉన్నామన్నట్టు కేఎల్ఎం నుంచి ఒక అస్పష్టమైన సందేశం వచ్చింది. కంట్రోలర్ "ఓకే" అన్నాడు, క్షణం ఆగి "టేకాఫ్‌కి ఆగండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ పైలట్లు తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రేడియోలో చెప్పారు. రెండు మాటలూ ఒకేసారి రావడంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఈల శబ్దం తప్ప స్పష్టంగా ఏమీ వినిపించలేదు. స్పష్టంగా అందింది "ఓకే" ఒక్కటే. విమానం అప్పటికే పరుగు మొదలుపెట్టింది. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఇంతమంది పోయిన విమాన ప్రమాదం మరొకటి లేదు.

ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క మాట మీద నెట్టేయడం సరికాదు. కానీ ఆ "ఓకే" విన్నాను అనా, అనుమతి ఇచ్చాను అనా? రెండూ కావచ్చు. అందుకే తర్వాత రేడియో భాషను బిగించారు. అసలైన అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప టేకాఫ్ అన్న మాటే వాడకూడదు. అంతకుముందు దశలో డిపార్చర్ అనాలి. ముఖ్యమైన ఆదేశానికి ఓకే అంటే చాలదు, విన్నదాన్ని మాటకు మాట తిరిగి చెప్పాలి.

ఆఫీసు మెయిళ్లకూ ఇది పనికొస్తుంది. మూడు ప్రశ్నలడిగిన మెయిల్‌కి "ఓకే" అని ఒక్క ముక్క వస్తే దేనికి ఒప్పుకున్నారో అని మళ్లీ టెన్షన్. "ఓకే, సోమవారం లోపు పంపుతాను" అంటే సరిపోతుంది.

"ఏ-ఓకే" అంటే?

అంతా బ్రహ్మాండం అని. 1961 మే 5న ఆలన్ షెపర్డ్ అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ అయ్యాడు. ఆయన "ఏ-ఓకే" అన్నాడని ప్రపంచమంతా చెప్పుకుంది. నిజానికి ఆ మాట నాసా తరఫున వ్యాఖ్యానం చెప్పిన జాన్ పవర్స్‌ది. షెపర్డ్ అనలేదు.

బొటనవేలు, చూపుడువేలు కలిపి చూపే ఓకే సైగ ఎక్కడైనా వాడొచ్చా?

ఎక్కడైనా కాదు. జపాన్‌లో అది డబ్బు గుర్తు కూడా. ఫ్రాన్స్‌లో సున్నా, అంటే పనికిరానిది అనే అర్థం వస్తుంది. బ్రెజిల్‌లో బూతు. 2017లో అమెరికాలో కొందరు ఆకతాయిలు ఇది తెల్లజాతి ఆధిపత్యవాదుల గుర్తని ఆన్‌లైన్‌లో వదంతి పుట్టించారు. తీరా నిజమైన జాతి విద్వేషులు దాన్ని అందిపుచ్చుకున్నారు. 2019లో జాతి విద్వేషంపై పోరాడే యాంటీ డిఫమేషన్ లీగ్ అనే సంస్థ దీన్ని విద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది, కానీ ఎక్కువసార్లు దీనికి మామూలు అర్థమేనని, సందర్భం చూడాలని కూడా చెప్పింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు గ్రూప్ ఫొటోల్లో కాస్త చూసుకుంటే మంచిది.

నీళ్లలో మాత్రం ఈ సైగకు తిరుగులేదు. స్కూబా డైవింగ్‌లో "బాగున్నావా?" అని అడగడానికీ, "బాగున్నాను" అని చెప్పడానికీ ఇదే. అక్కడ బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి వెళ్దాం పద అని.

లారీల వెనక "హారన్ ఓకే ప్లీజ్"లో ఓకే ఏమిటి?

రెండో ప్రపంచ యుద్ధంలో డీజిల్ కరువై లారీలు కిరోసిన్‌తో నడిచేవని, "ఆన్ కిరోసిన్, దూరంగా ఉండండి" అని రాసేవారని ఒక కథ. టాటా ఆయిల్ మిల్స్ వాళ్ల ఓకే సబ్బుకి అది ప్రకటన అని ఇంకొకటి. రెండింటికీ గట్టి ఆధారం చూపినవాళ్లు లేరు. దీని అసలు తగువు హారన్‌తోనే: 2015లో మహారాష్ట్ర రవాణా శాఖ ఈ రాత వాహనాల మీద ఉండకూడదని ఆదేశించింది, అనవసరంగా హారన్ కొట్టడాన్ని ప్రోత్సహిస్తోందని.

ఓక్లహోమా రాష్ట్రానికీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. ఆ రాష్ట్రం పోస్టల్ సంకేతం ఓకే కావడం యాదృచ్ఛికం. ఆ పేరు మాత్రం నిజంగానే చోక్టా భాషది: ఓక్లా అంటే జనం, హొమ్మా అంటే ఎరుపు. 1866లో చోక్టా నాయకుడు ఆలెన్ రైట్ సూచించిన పేరు. విల్సన్ వెతికిన చోక్టా మాట ఓకేలో లేదు కానీ, ఆ జాతి మాట ఒకటి అమెరికా పటం మీద ఇంత పెద్దగానే ఉంది.